అద్దాలు మరిచి వచ్చే పాఠకుడు: ఒక ధ్వని సేకరణ కేస్ స్టడీ

నేను ధ్వనిశాస్త్రం చదువుకున్నవాణ్ని. మైకు, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని జనం మాట్లాడే తెలుగును రికార్డు చేయడం, ఆ శబ్దాలను కొలవడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒక మనిషి గురించి, ఆయన రోజూ పొద్దున వచ్చే ఒక శాఖా గ్రంథాలయం గురించి. నేను చేసిన పనికి ఆయన చాలా రోజులు ఆ గడప తొక్కలేదు.

గ్రంథాలయం వరంగల్ నగరంలో ఉంది, అంతకుమించి చెప్పను. ఆయన వయసు, కుటుంబం, వాడ మార్చాను. మగ్గం పని మాత్రం మార్చలేదు. వరంగల్‌లో జంపఖానాలు నేసిన చేతులు ఎన్నో ఉన్నాయి, ఆ ఒక్క ముక్క పట్టుకుని ఎవరూ ఆయన్ని గుర్తుపట్టలేరు. అక్కడ అందరూ ఆయన్ని కాక అనేవారు, నేనూ అదే పిలుపు వాడుతున్నాను. మా వైపు పెద్ద వయసు మగవాళ్లలో సగంమంది ఎవరికో ఒకరికి కాకనే.

నేపథ్యం

చ అనే అక్షరం ఒకటే, పలుకు రెండు. చెట్టు, చీర, చేను అన్నప్పుడు నాలుక అంగిలికి ఆనుతుంది, అది తాలవ్యం. చలి, చాట, చుక్క అన్నప్పుడు నాలుక కొస పళ్ల వెనక్కి పోతుంది, అది దంత్యం. జ కూడా అంతే, జీడి ఒక తీరు, జొన్న ఇంకో తీరు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే దీనికి లెక్క కట్టి పెట్టాడు. ఇ, ఈ, ఎ, ఏలతో కలిస్తే తాలవ్యం. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓలతో కలిస్తే అచ్చతెలుగు మాటల్లో దంత్యం. చంద్రుడు, జయం లాంటి సంస్కృతం మాటలు మాత్రం తాలవ్యంగానే ఉంటాయి. పాత నిఘంటువుల్లో దంత్యానికి నెత్తిన గుర్తు పెట్టి ౘ, ౙ అని అచ్చువేసేవారు. 2008లో యూనికోడ్ ఆ రెండు గుర్తులకూ చోటిచ్చింది. బడి పుస్తకంలో, పేపర్లో అవి కనబడవు. నోటికి తెలిస్తే తెలుసు, లేకుంటే లేదు.

వరంగల్ చుట్టుపక్కల ముసలివాళ్ల నోట్లో ఉన్న దంత్యం పిల్లల నోట్లో ఎంత మిగిలింది అన్నది నా ప్రశ్న. చెవితో విని తేల్చే పని కాదిది. ౘ పలికేటప్పుడు గాలి ఒరుసుకునే శబ్దం స లాగా పై పౌనఃపున్యాల్లో బలంగా ఉంటుంది. చ పలికితే శ లాగా కిందికి దిగుతుంది. ఆ శబ్దంలో శక్తి ఎక్కడ కేంద్రీకరించిందో ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలవొచ్చు. దీన్ని ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో బోర్స్మా, వీనింక్ తయారు చేశారు. పాత తరహా ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల దాకానే మోస్తుంది కాబట్టి ఫోన్ రికార్డింగులు ఈ పనికి ఉత్తవి. నాకు కావలసిన తేడా చాలావరకు ఆ గీతకు పైనే ఉంది. మనుషుల ఎదురుగా కూర్చుని రికార్డు చేయక తప్పదు.

ఎక్కడ కూర్చోవాలి? మొదట అనుకున్నది ఇళ్లలో. వద్దనుకోవడానికి కారణం వాడల లెక్క. ఎవరి అరుగు మీద మైకు పెడితే అది ఆ వాడ మైకు అవుతుంది, పక్క వాడ మనిషి అక్కడికి రాడు. కల్లు దుకాణం దగ్గర ఆడవాళ్లు దొరకరు, గుడి దగ్గర అందరూ దొరకరు. గ్రంథాలయం ఎవరి సొంతమూ కాదు, కాబట్టి అందరిదీ. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంటుంది, దాని ఆసరాతో ఈ శాఖలు నడుస్తాయి. ఆ ఎనిమిది పైసలు చదువు వచ్చినవాళ్లు, రానివాళ్లు తేడా లేకుండా కడతారు. ఈ మాట అప్పట్లో నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఈ కేసే ఉండేది కాదు.

హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో మొదలైంది. నిజాం కాలంలో ఈ నేల మీద తెలుగుకు గొంతునిచ్చిన చోట్లలో అదొకటి. అలాంటి ఊళ్లో తెలుగు పలుకు మీద పరిశోధన గ్రంథాలయంలోనే చేయడం బాగుంటుందని కూడా అనుకున్నాను. ఇది శాస్త్రీయ కారణం కాదు, మనసులో ఉన్నది కాబట్టి రాస్తున్నా.

మేం చూసిన శాఖ ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరిచి ఉంటుంది. లోపల ఒక పెద్ద హాలు, నేల మీద బండలు, ఎత్తు పైకప్పు. హాలు నిండా పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని ఎర్ర రంగు బోర్డు. బయట వరండాలో రెండు బల్లలు, పేపర్లు. పెద్దవాళ్లంతా వరండాలోనే.

మొదటి పద్ధతి, దాని లెక్క

60 కార్డులు చేశాను. కార్డుకు ఒక మాట, పెద్ద అక్షరాల్లో. మాటలు ఏరడానికి భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాలు ముందు పెట్టుకున్నాను. వ్యవసాయం మాటలది 1962లో, చేనేత మాటలది 1971లో వచ్చాయి. జిల్లాజిల్లాకు మనుషులను పంపి రైతుల నోట, నేతగాళ్ల నోట మాటలు సేకరించిన పని అది. వాళ్లు మనుషుల దగ్గరికి పోయి అడిగి రాసుకున్నారు. నేను ఆ మాటలను తీసుకుని కార్డుల మీద ఎక్కించి మనుషుల ముందు పెట్టాను. దారి తిరగబడిందని నాకప్పుడు అనిపించలేదు.

కార్డులు ఎందుకంటే, అందరూ అవే మాటలు పలికితేనే ఒకరితో ఒకరిని పోల్చవచ్చు. హాలు వెనక పుస్తకాల బీరువాల మధ్య చిన్న జాగా దొరికింది, పుస్తకాలు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. ఫ్యాను శబ్దం ఉంది కానీ అది ఎక్కువగా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది, నాకు కావలసింది పైన కాబట్టి ఫ్యాను ఆపమని అడగలేదు. మే నెలలో వరంగల్‌లో ఫ్యాను ఆపమనే ధైర్యం కూడా లేదు.

ఎవరిని పిలవాలి అన్నదానికి లైబ్రేరియన్ మేడం దగ్గర ఉన్న రిజిస్టర్ చూశాను. రోజూ వచ్చేవాళ్లు అందులో సంతకం పెడతారు. కాక సంతకం దాదాపు ప్రతి పేజీలో ఉంది. ఒక్క ఊపులో రాసిన, వాలుగా సాగిన మంచి సంతకం. 50 ఏళ్లు మగ్గం మీద పనిచేసిన మనిషి, ఊరు దాటి బతకలేదు, రోజూ పేపర్ దగ్గర కూర్చుంటాడు. ధ్వని సేకరణకు ఇంతకంటే మంచి మనిషి దొరకడనుకున్నా.

జనాభా లెక్కల్లో అక్షరాస్యుడంటే 7 ఏళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగినవాడు. సంతకం ఒక్కటే దానికి చాలదు. పరీక్షలో అడిగితే నేను ఈ నిర్వచనం తడుముకోకుండా చెప్పేవాణ్ని.

ఏం జరిగింది

మొదటి రోజు కార్డు చేతికిస్తే కాక, “అద్దాలు తేలేదు సారూ, రేపు జూద్దాం” అన్నాడు. రెండో రోజూ అదే. మూడో రోజు నేను తెలివిగా కార్డులు ఇంకా పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసుకుపోయాను. “అద్దాలు లేకున్నా కనపడతాయి కాకా, ఒక్క 5 నిమిషాలు” అన్నాను. పక్కన ఇంకా ఇద్దరు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

ఆయన కార్డు పట్టుకున్నాడు. కొంచెం సేపు చూశాడు. “చంద్రుడు” అన్నాడు. కార్డు మీద ఉన్నది చాట. తర్వాతి కార్డుకు “చదువు” అన్నాడు, దాని మీద ఉన్నది జాతర. ముందు కూర్చున్నవాళ్లు చదువుతుంటే విని గుర్తుపెట్టుకున్న మాటలవి. ప్రతి మాటా వార్తలు చదివేవాళ్ల లాగా, తాలవ్యం చ నొక్కి పలుకుతున్నాడు. పక్కన కూర్చున్నవాళ్లలో ఒకరు నవ్వారు. పెద్ద నవ్వేం కాదు. కాక కార్డు బల్ల మీద బోర్లా పెట్టి, “తల తిరుగుతున్నది” అని లేచి పోయాడు. రికార్డింగు మొత్తం 40 సెకన్లు.

నేను ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇది: ‘మాటలు సరిపోలలేదు, చూపు సమస్య కావచ్చు, మళ్లీ పిలవాలి.’ చెవికి అంత శిక్షణ ఇచ్చుకున్నవాణ్ని, వినవలసింది వినలేదు.

11వ రోజు సాయంత్రం మేడం రిజిస్టర్ మూస్తూ అంది, “సార్, కాక వస్తలేరు. మీరు కార్డులు చేతిల పెట్టిన సంది వస్తలేరు.”

“ఒంట్లో బాగాలేదేమో మేడం.”

“ఒంట్లె మంచిగనే ఉన్నది. ఛాయ్ హోటల్ కాడ కూసుంటున్నడు. ఆయనకు సదువు రాదు సార్.”

“మీకు ముందే తెలుసా?”

“తెల్వకేంది? ఏడేండ్ల సంది జూస్తున్న.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“ఎవరు ఏ పుస్తకం తీస్కపోయిన్రో ఇంకొకరికి చెప్తమా? ఇది గూడ గంతే గద.”

ఈ జవాబు దగ్గర నేను చాలా రోజులు ఆగాను. మా పరిశోధనల్లో గోప్యత గురించి పేజీలకు పేజీలు రాసి సంతకాలు పెట్టిస్తాం. ఆమె ఏ కాగితం లేకుండా ఏడేళ్లు ఒక మనిషి పరువు కాచింది. పేపర్ ముందు కూర్చున్న ఆయన్ని ఏనాడూ “చదువుతున్నవా” అని అడగలేదు. ఆయన చేసేదేమిటో ఆమెకు తెలుసు. వరండాలో ఎవరో ఒకరు వార్త బయటికి చదువుతారు, కాక వింటాడు, 9 గంటలకు ఛాయ్ హోటల్‌కి పోయి నేతపని వాళ్లకు ఆ వార్తలన్నీ పూసగుచ్చినట్టు చెప్తాడు. ఆ హోటల్‌లో ఆయనే పేపరు.

పఠనం అన్న మాటకు సంస్కృతంలో మొదటి అర్థం పైకి వల్లించడం. నోరు మూసుకుని కళ్లతో చదవడం ఆ మాటలోకి తర్వాత వచ్చి చేరింది. ఆ లెక్కన వరండాలో జరిగేదే అసలు పఠనం, లోపల హాల్లో జరిగేది దాని తమ్ముడు.

చేసినవి, చేయనివి

మొదట వచ్చిన ఆలోచన ఆయన ఇంటికి పోయి క్షమించమని అడగడం. మేడం వద్దంది. ఆలోచిస్తే ఆమె మాటే సరి. నేను క్షమాపణ అడిగానంటే నాకు సంగతి తెలిసిపోయిందని చెప్పినట్టే. ఆయన దాచుకున్నదాన్ని నేను గుమ్మంలో నిలబడి చదివినట్టు అవుతుంది. నా మనసు తేలికవుతుంది, ఆయనది బరువెక్కుతుంది. మానుకున్నాను.

ఆ మధ్యలో పని ఆగకూడదని, తక్కినవాళ్ల దగ్గర కార్డులకు బదులు బొమ్మలు వాడాను. అవి పనికిరాలేదని తెలియడానికి నాలుగు రోజులు చాలు. చాప బొమ్మ చూసి “ఈత చాప” అన్నారు, “సాప” అన్నారు, ఒకావిడ అసలు మాటే అనకుండా “గిది మా ఇంట్ల గూడ ఉన్నది” అంది. చాట బొమ్మ మీద చెరగడానికీ కొలవడానికీ వేరే చాటలుంటాయని పెద్ద చర్చ నడిచింది. చర్చ బాగుంది కానీ నేను మైకు ఆపేసి ఉన్నాను, ‘మాట’ అయిపోయిందని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

తర్వాత ప్రశ్నలు అడిగి మాట్లాడించే పద్ధతి. దీనికి పేరున్న చిట్కా ఒకటి ఉంది. 1960లలో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త న్యూయార్క్‌లో మాటతీరు మీద పని చేసినప్పుడు ఒక చిక్కు బయటపెట్టాడు. ఎవరూ గమనించనప్పుడు మనిషి ఎలా మాట్లాడతాడో తెలియాలి, కానీ తెలుసుకోవాలంటే గమనించక తప్పదు. దాన్ని దాటడానికి అతను అడిగిన ప్రశ్న, ‘చచ్చిపోతానేమో అనిపించిన సందర్భం ఎప్పుడైనా వచ్చిందా?’ ఆ కథ చెప్తూ మనిషి మైకును మరిచిపోతాడని లెక్క.

నేను ఒకే ఒక్కరి దగ్గర ఆ ప్రశ్న వాడాను. 60 దాటిన మనిషి. ప్రశ్న విని మైకు వైపు చూశాడు, తర్వాత గోడ మీద గ్రంథాలయ సంస్థ పేరు వైపు చూశాడు. “గవన్నీ ఇప్పుడెందుకు సారూ” అన్నాడు. ఉత్తర తెలంగాణలో ఆ వయసు మనిషిని ప్రాణం మీదికి వచ్చిన కథ అడగడం అంటే అన్నల కాలం, పోలీసుల కాలం తవ్వమని అడగడం. అదీ ప్రభుత్వ భవనంలో, రికార్డరు పెట్టి. న్యూయార్క్‌లో గొంతు విప్పించిన ప్రశ్న ఇక్కడ గొంతు నొక్కుతుంది. రెండోసారి అడగలేదు. ఈ ప్రాంతంలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ ప్రశ్న జోలికి పోకండి.

ఇక మిగిలింది వరండా.

మేడం చెప్పిన ఉపాయం చాలా చిన్నది. “రికార్డరు లోపల పెట్టండి. పొద్దున మీరే పేపర్ సదవండి.” నేను పది రోజులు వరండాలో కూర్చుని వార్తలు బయటికి చదివాను. శిక్షణ పొందిన నా ఒత్తులు, శషలన్నీ స్పష్టంగా వినపడేలా చదివాను. “భూమి, ధరలు, శాసనసభ, విషాదం.” వినేవాళ్లు కొంచెం సేపు ఓపిక పట్టారు. ఒకాయన, “సారూ, రేడియో లెక్క గాదు, జర మన లెక్క చెప్పుండ్రి” అన్నాడు. నాకు మన లెక్క చెప్పడం రాలేదు. చదువుతూ చదువుతూ అర్థం చెప్పడం వేరే విద్య, అది వరండాలో ఒక్కరికే వచ్చు.

ఆ సంగతే మేడం ఛాయ్ హోటల్‌కు చేరవేసింది. కబురు ఇలా వెళ్లింది: ‘సదివేటాయన కొత్తోడు వచ్చిండు, ఏం సదువుతున్నడో ఎవరికీ సమజైతలేదు. కాకను జర రమ్మనుండ్రి, ఇడమర్చి చెప్పెటోడు లేడు.’ చదవడానికి రమ్మనలేదు, వినడానికి రమ్మనలేదు, చెప్పడానికి రమ్మంది. మర్నాడు కాదు, ఆ మర్నాడు కాక వచ్చాడు. నన్ను పలకరించలేదు. నేను చేనేత పింఛన్ల వార్త చదివాను. చదవడం అయ్యాక అందరూ ఆయన వైపు తిరిగారు.

పని చేసింది

మళ్లీ రికార్డు చేసే ముందు అనుమతి సంగతి తేల్చుకోవలసి వచ్చింది. మామూలుగా అయితే రెండు పేజీల అంగీకార పత్రం, కింద సంతకం. కాక సంతకం అద్భుతంగా పెడతాడు, అదే గోతి. చదవలేని కాగితం మీద మంచి సంతకం ఉంటే అది అంగీకారం కాదు. ఆయన ఒక్కడికే చదివి వినిపిస్తే మళ్లీ ఆయన్ని వేలెత్తి చూపినట్టు. అందుకని పత్రాన్ని పేపర్ చదివినట్టే వరండాలో అందరికీ ఒకేసారి చదివాను, చదువు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ. ఒక్కొక్కరు “సరే” అనో “నాది వద్దు” అనో నోటితోనే చెప్పారు, అది రికార్డయింది. ఇద్దరు వద్దన్నారు, వాళ్లు మాట్లాడిన చోట్ల శబ్దం తీసేశాను.

పద్ధతి ఇది. ఒకరు వార్త చదువుతారు. తర్వాత కాక గానీ, ఇంకొకరు గానీ అదే వార్త తిప్పి చెప్తారు. మధ్యలో వాదన. నేను మైకు బల్ల కింద కాకుండా, అందరికీ కనపడేలా పేపర్ స్టాండుకు కట్టాను. ఒకే మాట, మొదట అచ్చు చూసి చదివిన నోట్లో, తర్వాత విని చెప్పిన నోట్లో, నాలుగైదు నిమిషాల తేడాతో దొరుకుతుంది. ఏ మాటలు వస్తాయో ముందే తెలియదన్నది నిజమే. కానీ ఆరు వారాల పేపర్లలో చదువు, చూపు, చావు, జనం, జాతర రాని రోజు ఉంటుందా?

వరండాలో శబ్దం ఎక్కువని ముందు భయపడ్డాను. ఆటోలు, ఛాయ్ గ్లాసులు, ఒకరి మీద ఒకరు మాట్లాడటం. అయితే ఒకవైపు తెరిచి ఉంది కాబట్టి హాలులో ఉన్న ప్రతిధ్వని లేదు. అయినా దొరికినదాంట్లో చాలా భాగం కొలవడానికి పనికిరాలేదు, విని రాసుకోవడానికి మాత్రమే పనికొచ్చింది. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడ్డ చోట ఏ సాఫ్ట్‌వేరూ ఏం చేయలేదు.

ఇక అసలు సంగతి. నా పట్టికలో రెండే గళ్లు ఉన్నాయి: దంత్యం, తాలవ్యం. కార్డులు చదివినవాళ్లంతా ఆ రెండు గళ్లలో పడ్డారు, ఎక్కువమంది తాలవ్యంలో. ఒంటరి మాట కళ్ల ముందు పెడితే అక్షరం పేరు పలికినట్టే పలికారు. వరండాలో అదే మనుషులు మూడో రకం పలికారు. సదువు, సూసిన, సావు, సుట్టం. కొందరి నోట సెట్టు, సెప్పు కూడా. ౘలో ఉన్న అడ్డం పోయి, ఒట్టి ఒరిపిడి మిగిలి, స అయింది. ఈ సంగతి తెలంగాణలో పుట్టిన ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు, మా అమ్మమ్మ అలాగే మాట్లాడేది. కానీ పట్టికలో గడి పెట్టలేదు. ఎందుకు? ‘సదువు’ అని రాస్తే అచ్చుతప్పు, ‘సదువు’ అని పలికితే సినిమాలో నవ్వులాట. కార్డు చేతిలో ఉన్న మనిషి ఆ రెండూ గుర్తుండే నోరు తెరుస్తాడు. పట్టిక గీసిన నాకూ అవే గుర్తున్నాయేమో.

కొలతలోనూ ఒక పాఠం ఉంది, ఇది ధ్వనిశాస్త్రం విద్యార్థుల కోసం రాస్తున్నా. ౘ, స రెండింట్లోనూ శక్తి పైననే ఉంటుంది కాబట్టి శక్తి కేంద్రం కొలిచి వాటిని విడదీయలేం. ఒరిపిడికి ముందు నోట్లో గాలి దారి పూర్తిగా మూసుకున్న క్షణం ఉందా లేదా అన్నదే ప్రధానమైన తేడా. ఆ క్షణం రికార్డింగులో ఖాళీగా కనిపిస్తుంది. కార్డు మీది ఒంటరి మాటకు ముందు ఎలాగూ మౌనమే ఉంటుంది, ఆ మౌనంలో ఈ ఖాళీ కలిసిపోతుంది. ‘ఇగ చాలు’, ‘నేను చూసిన’ లాంటి పారే మాటలో అయితే ముందు అ, ఉ లాంటి అచ్చు ఉంటుంది కాబట్టి ఖాళీ బయటపడుతుంది. అంటే శుభ్రమైన కార్డు రికార్డింగు నా ప్రశ్నకు జవాబు దాచింది, ఆటో హారన్ల మధ్య దొరికిన వరండా మాట చూపింది.

నాలుగో వారంలో కాక తనంతట తానే ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి, “మా మాటలు ఏం జేస్తున్నవ్?” అన్నాడు. తెర మీద నా ‘ఇగ చాలు’, దాని కింద ఆయనది పెట్టి చూపించాను. స్పెక్ట్రోగ్రామ్ అనే ఆ శబ్దం బొమ్మను ఎలా చూడాలో చెప్పబోయాను. ఆయన వేలు అప్పటికే నా దాంట్లో ఉన్న తెల్లటి ఖాళీ మీద ఉంది.

“ఈడ నీ పోగు తెగింది” అన్నాడు. తన దాని మీద వేలు జరిపి, “నాది తెగలే.”

అంతే. అది సరైన విశ్లేషణ.

మిగిలిపోయిన చిక్కులు

పరీక్షలకు చదివే పిల్లలు వరండా గోల మీద ఫిర్యాదు చేశారు. వాళ్లది తప్పనలేం. ఇంట్లో జాగా లేకనే ఇక్కడికి వస్తారు, వాళ్లకు నిశ్శబ్దమే సౌకర్యం. మేడం 8 నుంచి 8:45 దాకా వరండా చదువు, ఆ సేపు హాలు తలుపు మూసి ఉంచాలి అని కట్టడి చేసింది. ఉక్కపోతకు తలుపు తెరిచి ఉంచుతున్నారు, గొడవ మళ్లీ మొదటికొస్తోంది. ఇది తెగలేదు, తెగుతుందని కూడా అనుకోను. ఒకే కప్పు కింద మాట అవసరమైనవాళ్లూ మౌనం అవసరమైనవాళ్లూ ఉన్నారు, ఇద్దరి దగ్గరా ఆ 8 పైసలు తీసుకున్నాం.

మొదటి రోజుల 40 సెకన్ల రికార్డింగు ఏం చేయాలి అన్నది ఇంకొకటి. చదవలేని మనిషి చదువుతున్నట్టు పలికినప్పుడు తాలవ్యాన్నే ఎంచుకున్నాడు. చదువుకున్నవాళ్ల తెలుగు అంటే ఎలా వినబడాలో ఆయన చెవికి ఎంత బాగా తెలుసో దానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఒక సహోద్యోగి ఉంచమన్నాడు, పేరు ఎలాగూ లేదు కదా అని. నేను చెరిపేశాను. ఆయన దానికి ఒప్పుకుని ఇచ్చింది కాదు, ఇబ్బంది పడి ఇచ్చింది. ఇక్కడ ఆ సంగతి రాయవచ్చా అన్న సందేహం వచ్చింది. ఈ వ్యాసం మొత్తం, నవ్విన చోటుతో సహా, వరండాలో ఆయనకు ఒక్కడికే చదివి వినిపించాను. మేడం ఆ రోజు హాలు తలుపు మూసింది. “పేరు రాయకు. గొంతు ఉంటే ఉండనీ” అన్నాడు. 40 సెకన్ల సంగతి వినిపించాక మాత్రం ఒక దిద్దుబాటు చెప్పాడు. తల తిరగడం అబద్ధం కాదట, ఆ రోజు నిజంగానే తిరిగిందట. అలాగే రాస్తానన్నాను.

కార్డులు నేను తిరిగి తెచ్చుకోలేదు. వెనకవైపు ఖాళీగా ఉన్నాయని మేడం వాటిని సొరుగులో పెట్టుకుంది, పుస్తకం ఎప్పుడు తిరిగివ్వాలో ఆ తేదీ వాటి మీద రాసి ఇస్తోంది. మొన్న నేను తీసుకున్న పుస్తకంలో వచ్చింది జాతర.